బాపి ఇంకా రాజు కాలేదు

రాయగడ,
ఆగస్టు 10

మా ఇంటి దీపం నాగశ్రీకి,

మీ నాన్న సన్యాసయ్య నీ నెత్తి మీద చెయ్యి పెట్టి దీవిస్తూ రాస్తున్నాడు. ఇక్కడ నేనూ మీ అమ్మా బాగున్నాం. వాన విడవడం లేదు, నాగావళి ఎర్రగా పారుతోంది. కోరాపుట్‌లో ఇంకా ఎక్కువట కదా, తడి బట్టలు కట్టుకోకు.

అమ్మీ, నీ ఆట వచ్చిందే! నా అమ్మి చేసిన ఆట! మన పక్కింటి దేవకుమారి గారి పలకలాంటి పెద్ద ఫోనులోకి దిగింది. తెర మీద నీ పేరు తెలుగులో కనబడగానే నేను లేచి నిలబడిపోయాను. మీ అమ్మ "ఏటయ్యా, జెండా వందనమా? కూకో" అంది. కూర్చోలేదు. ఎలా కూర్చోను? ఐదో తరగతితో బడి మానేసినవాడిని, నేను పలక మీద దిద్దించిన అక్షరాలు అద్దం మీద వెలుగుతుంటే!

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. చెవిమిషను పెట్టుకుంటే ఫోను ఈల వేస్తుంది, తీసేస్తే నీ మాట వినబడదు. వీడియోలో నీ మొహం చూసి ఊరికే తలూపుతున్నానని నువ్వే పట్టేశావు. అందుకే ఉత్తరం. కవరు మీద చిరునామా దేవకుమారి గారు ఇంగ్లీషులో రాస్తారు. ఆవిడ నర్సుగా చేసినన్నాళ్ళూ మందుచీటీలు రాసి రాసి, ఆ దస్తూరీ పోస్టుమేనుకి అర్థమవుతుందో లేదో ప్రభువుకే ఎరుక.

ఇక ఆట సంగతి. మునిసిపాలిటీ నీళ్ళ వాల్వులు తిప్పిన వేళ్ళు కదా నావి, బొటనవేలు వేస్తే సగం తెర కప్పేస్తుంది. అందుకని ఒప్పందం చేసుకున్నాం. బాపి నడక ఆవిడది, బాపి చేతిలో కర్ర నాది. మేకలు కాసుకునే కుర్రాడు, ఎంత ముద్దుగా ఉన్నాడే! పాము వచ్చింది. నేను కర్ర ఎత్తాను. ఆవిడ వెనక్కి నడిపించేశారు. "కొట్టకండి సన్యాసయ్య గారూ, దానికీ పిల్లలుంటాయి" అన్నారు. పాము పిల్లల్ని పెంచదండీ అన్నాను. మేం వాదించుకుంటూ ఉంటే మేకలు పోయి అవ్వ చోడిచేలో పడ్డాయి, బాపి ఏట్లో పడ్డాడు. మీ అమ్మ "ఇద్దరు ముసిలోళ్ళు కలిసి ఒక్క కుర్రోడ్ని ముంచీసేరు" అని వీధంతా చెప్పుకొచ్చింది.

ఆ అవ్వ! కొండ కింద మొదటి ఊళ్ళో, గుమ్మంలో కూర్చున్న అవ్వ. బాపి తడిసి ముద్దయి వెళితే "ఎవరు బాబూ నువ్వు? దాహంగా ఉందా?" అని ఆనపబుర్రతో చోడి అంబలి ఇచ్చింది చూడు, నాకు గొంతు తడిసినట్టే ఉంది. తర్వాత కాలవ. అడ్డుపలక కొంచెం కొంచెం తిప్పితే నీళ్ళు ముందు పై మడికి, తర్వాత కింది మడికి. ఒక్కసారే తిప్పేస్తే గట్టు తెగుతుంది. ఇది నీకెవరు చెప్పారే? చిన్నప్పుడు తెల్లారుజామున నా సైకిలు ముందు కూర్చుని వాల్వుల దగ్గరికి వచ్చేదానివి, అప్పుడు చూసినదేనా? దేవకుమారి గారు పక్కనున్నారని కళ్ళు తుడుచుకోలేదు.

తర్వాత కోట, యుద్ధం. బాపి రాజు కూడా అయ్యాడు. బాగుంది.

లిప్సా అమ్మాయికి నా ఆశీస్సులు. ఆ కొండలకి రంగులు వేసిన చేతికి మీ అమ్మ గాజులు కొంటానంటోంది.

పట్టరాని సంతోషంలో,
నాన్న


కోరాపుట్,
ఆగస్టు 23

నాన్నా,

నీ ఉత్తరం లిప్సాకి ఒడియాలో చదివి వినిపించాను. పాము దగ్గరికి వచ్చేసరికి తను కిందపడి నవ్వింది. రెండేళ్ళుగా ఈ ఒంటి గదిలో మేం చేసిన పని ఇంత సంతోషం ఇచ్చిందంటే, ఇంకేం కావాలి అనిపించింది.

కానీ ఒకటి అడుగుతాను. అవ్వ గురించి అంత రాశావు. కాలవ గురించి ఇంకా ఎక్కువ రాశావు. రాజవడం గురించి ఒక్క ముక్క, "బాగుంది". మనింట్లో "బాగుంది" అంటే ఏమిటో నాకు తెలుసు. అమ్మ చేసిన ఉప్మా మాడినప్పుడు నువ్వు అనేది అదే కదా.

ఆట మొత్తం ఆ రాజవడం కోసమే నాన్నా. మేకల కుర్రాడు మెట్టు మెట్టూ ఎక్కి కొండకోటలో కూర్చోవాలి, ఆడినవాడి గుండె ఉప్పొంగాలి. డిసెంబరులో బెంగళూరు కంపెనీ వాళ్ళు చూస్తారు. వాళ్ళు తీసుకుంటే ఇది అందరి ఫోన్లలోకీ వెళుతుంది. స్నేహితులు సూపర్ అంటున్నారు. వాళ్ళు లిప్సా కాఫీ తాగి అంటున్నారు. నీకు నా మీద ప్రేమ ఎక్కువ, అబద్ధమాడడం తక్కువ. చెప్పు. ముసుగు వెయ్యకు.

అమ్మని చెవిమిషను వాళ్ళ దగ్గరికి నిన్ను తీసుకెళ్ళమను.

నీ అమ్మి,
నాగశ్రీ


రాయగడ,
సెప్టెంబరు 4

నా తల్లి నాగశ్రీకి,

రాజవడం ఎంత బాగుందో చెప్పమన్నావు. ఎంత బాగుందే! ఆ కిరీటం ఏం మెరుపు! ఆ డప్పులేంటి, ఆ ఏనుగేంటి, ఆ పువ్వులు ఆకాశంలోంచి పడడమేంటి! మిషను తీసేసినా నాకు డప్పులు వినబడ్డాయంటే చూసుకో. కోట ఎంత ఎత్తుందో, తల పైకెత్తి చూసి మెడ పట్టేసింది. మరి చాలదా?

అది అలా ఉంచు. ఇంకో కబురు చెప్తాను, కుర్చీలో కుదురుగా కూర్చుని చదువు. మన వీధి గౌరమ్మ సంబరాన్ని నడిపే పెద్దగా ఈ ఏడు మీ నాన్ననే అనుకున్నారు! ఔనే, నన్నే! పాత పెద్దకి మోకాళ్ళు లేవడం లేదట. వీధి మొత్తం రామాలయం అరుగు మీద కూర్చుని నా పేరు అంటే, నాకు వినబడక నేనూ అందరితో పాటు చప్పట్లు కొట్టాను. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి "నిన్నేనయ్యా అంట" అంది.

ఈ వీధికి నీళ్ళు వదిలినవాడికి ఈ వీధి తలపాగా చుడుతుందట. నిద్ర పట్టడం లేదు సంతోషంతో. కూతురు రాజుల్ని చేస్తోంది, తండ్రి పెద్ద అవుతున్నాడు.

నాన్న

నాగశ్రీ, నేను దేవకుమారి ఆంటీని. కవరు అంటించే ముందు మీ నాన్నగారికి తెలియకుండా ఒక ముక్క. బాపి రాజైపోయాక మీ నాన్నగారు ఫోను ఇవ్వలేదు. అవ్వ దగ్గరికి తీసుకెళ్ళమన్నారు. తర్వాత ఫోను నా చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. ఏమైందో ఆయన్నే అడుగు.


కోరాపుట్,
సెప్టెంబరు 12

నాన్నా,

పెద్దవైనందుకు నీకు దండాలు, నిజంగా. ఆ తలపాగాతో ఫోటో కావాలి.

ఏనుగు గురించీ డప్పుల గురించీ రాసినది చదివాను. సంతలో బట్టల కొట్టువాడు చీర పొగిడినట్టుంది. నువ్వు మళ్ళీ అవ్వ దగ్గరికి ఎందుకు వెళ్ళావు? అక్కడ ఏమైంది? ఇది రాయకుండా ఇంకేం రాసినా నేను చదవను.

నాగశ్రీ


రాయగడ,
సెప్టెంబరు 21

అమ్మీ,

దేవకుమారి గారితో రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఆవిడ కేకు పంపారు, మాట్లాడాను.

సరే, చెప్తాను. నీ మనసు కష్టపెట్టాలని కాదు. బాపికి కిరీటం పెట్టారు కదా, ఆవిడ "అయిపోయింది, ఇంకేం లేదు" అన్నారు. నేనన్నాను, అయిపోవడమేంటండీ, అవ్వకి చెప్పొద్దా? మొదట అంబలి పోసిన మనిషి కదా. ఆవిడ మంచి మనిషి, వేలు నొప్పెట్టినా నడిపించారు. కోట దిగి, యుద్ధమైన మైదానం దాటి, ఏరు దాటి, కాలవ గట్టు మీదుగా, కిరీటంతోటే. నేను కర్ర కూడా ఊపలేదు దారంతా. "ఓరి బాపీ, నువ్వట్రా!" అంటుందనుకున్నాను.

గుమ్మంలోకి వెళ్ళాం. అవ్వ తలెత్తి చూసి, "ఎవరు బాబూ నువ్వు? దాహంగా ఉందా?" అంది.

మొదటిరోజు అన్న మాటే. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. కిరీటం ఉందని గానీ, కాలవ బాగుచేసింది వీడేనని గానీ ఆవిడకి తెలియదు. కాలవ గట్టున ఉన్నవాళ్ళనీ అడిగాను. ఎవరికీ ఏమీ తెలియదు. పువ్వులు పడింది ఎవరి మీదో నాకర్థం కాలేదమ్మా. అంతే. ముసలాడి చాదస్తం. నీ ఆట బంగారం. దిగులు పెట్టుకోకు.

ఇక్కడ నా చేట మొదలైంది. నువ్వు చూసి ఉండవు, పాత పెద్ద పెద్దయినప్పుడు నువ్వు పుట్టలేదు. సంబరం పెద్ద అనుకున్నంత మాత్రాన తలపాగా చుట్టెయ్యరు. కొత్త చేట పట్టుకుని వీధిలో గుమ్మం గుమ్మానికీ వెళ్ళాలి. ఇంటి ఆడమనిషి ఈ మనిషి మీద మనసులో ఏముందో అది మొహం మీద అనేస్తుంది. అని, సోలతో బియ్యం చేటలో పోస్తుంది. మనం నోరెత్తకూడదు. కారణం అడగకూడదు. పొయ్యడం ఇష్టం లేకపోతే సోల గడప మీద బోర్లిస్తుంది. అప్పుడు మర్నాడు మళ్ళీ వెళ్ళాలి. చివరి ఇల్లు కూడా పోస్తేనే పెద్ద.

ముందు మనింటి గుమ్మమే. మీ అమ్మ కొంగు బిగించి నిలబడింది. "మనువైన కాన్నించి ఏటి వండి పెట్టినా బాగుంది, బాగుంది అంటాడు. ఏటి బాగుందో ఒక్కనాడు సెప్పేడా?" అంది. వీధి వీధంతా నవ్వు. పోసింది లే. దేవకుమారి గారు "మేం చర్చికి వెళ్ళేవాళ్ళమని మా గుమ్మం దాటిపోతారేమో అనుకున్నాను" అని, ఆ పైన "నేను నడిపించేటప్పుడు కర్ర ఊపకండి" అని పోశారు. ఎంత బాగుందే ఇదంతా! తిట్లు తింటుంటే ఇంత సంతోషమేమిటో!

వీధి చివరింటి సుభద్రమ్మ మాత్రం సోల బోర్లించింది. ఒక్క మాటా అనలేదు. రేపు మళ్ళీ వెళ్ళాలి.

నాన్న


కోరాపుట్,
అక్టోబరు 26

నాన్నా,

ఇన్నాళ్ళు రాయలేదు. అమ్మతో ఫోనులో బాగున్నానని చెప్పి తప్పించుకున్నాను.

మొదట కోపం వచ్చింది. నీ మీద కాదు, అవ్వ మీద. తర్వాత లిప్సా మీద. అవ్వ మాటలు రాసింది నేను, కానీ తిట్టింది లిప్సాని. తను లక్ష్మీపూర్‌లో వాళ్ళ అత్త ఇంటికి వెళ్ళిపోయింది. గదిలో నేనూ, ఆ కోటా మిగిలాం.

నీకొకటి చెప్పలేదు. కంపెనీ వాళ్ళు జూలైలోనే ఒకసారి చూశారు. బొమ్మలు బాగున్నాయి, ఊళ్ళు బాగున్నాయి, కానీ కుర్రాడు రాజైతే మాకేమీ అనిపించలేదు అన్నారు. డిసెంబరు ఆఖరి అవకాశం. అప్పుడూ కాదంటే లిప్సా సునాబెడాలో బోర్డులు రాసే పనికీ, నేను ట్యూషన్లకీ వెళ్ళిపోవడమే, ఆట ఇక్కడితో సరి. నీ సంతోషం చూసి చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఆ "బాగుంది" నాకు గుచ్చుకుంది. జూలై నుంచి మేం చేసింది ఒకటే, కోట పెంచడం. ఏమీ అనిపించలేదన్నారు కదా అని ఏనుగు పెట్టాం. పువ్వులు పెట్టాం. డప్పులు రెట్టింపు చేశాం. పెంచేకొద్దీ ఇంకా బోలుగా ఉంది, ఎందుకో తెలియలేదు.

పోయిన వారం లిప్సా తిరిగి వచ్చింది. ఇద్దరం అన్నం తింటూ, ఏం మాట్లాడుకోవాలో తెలియక, నీ ఉత్తరంలో చేట సంగతి చెప్పాను. అమ్మ తిట్టినది చెబితే నవ్వింది. సుభద్రమ్మ గారు సోల బోర్లించారంటే నవ్వు ఆపి, "సే న దెలే?" అంది. ఆవిడ ఇవ్వకపోతే?

నేను తినడం ఆపేశాను నాన్నా. మా ఆటలో బాపిని కాదనగలిగినవాళ్ళు ఎవరూ లేరు. శత్రువులు కొడతారు, అంతే. కొట్టేవాడు వేరు, ఇవ్వననేవాడు వేరు. ఎవరూ కాదనలేనప్పుడు ఔననడానికి విలువేముంది? వాడు మొత్తం కొండ ఎక్కాడు, వాణ్ణి ఎవరూ చూడనే లేదు.

ఏనుగు తీసేశాం. రాత్రి లిప్సా ఏడుస్తూ తీసింది, నెల రోజులు గీసింది దాన్ని. కోట సగానికి తగ్గించాం. ఇంకా చాలా రాయాలి, ఒక్కో గుమ్మానికీ మాటలు, అవీ బాపి అప్పటిదాకా చేసినదాన్ని బట్టి మారాలి. డిసెంబరుకి అవుతుందో లేదో.

సుభద్రమ్మ గారు ఏం చేశారు? నువ్వు రాయలేదు. నేను అడగలేదు. ఇద్దరం సరిపోయాం.

నాగశ్రీ


రాయగడ,
నవంబరు 5

నా కొండంత అమ్మీ,

జూలై సంగతి చదివి మీ అమ్మ "ఈ దాసుకోడం నీ పోలికే" అంది. నిజమే. ఇకమీదట కష్టం వస్తే ముందు రాయి, సంతోషం తర్వాత రాయి. సంతోషం ఆలస్యమైనా పాడవదు.

ఏనుగుని తీసేశారా! లిప్సా తల్లికి చెప్పు, దాని తొండం నాకు గుర్తుంటుందని.

సుభద్రమ్మ సంగతి. మర్నాడు వెళ్ళాను, బోర్లించింది. ఆ మర్నాడూ అంతే. కారణం అడగకూడదు కదా, ఇంట్లో కూర్చుని నా బతుకంతా తిరగేసుకున్నాను. వీధిలో మనుషులు గుమిగూడడం మొదలెట్టారు. నేను పెద్ద కాకుండా పోతానేమోనని మీ అమ్మ రహస్యంగా గౌరమ్మకి కోడిపెట్టని మొక్కుకుంది. నాకు మాత్రం ఆ గుమ్మం ముందు నిలబడ్డం అలవాటైపోయింది. ఆవిడా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం.

చివరికి ఒక పొద్దున నోరు తెరిచింది. "తెల్లారకుండా వొచ్చి ఇనపరాడ్డుతో ఆ వాల్వుని టంగుటంగుమని కొట్టీవోడివి. నా పెనివిటి పోయిన యేడు, ఎప్పుడో కోడి కూసే యేళకి కన్నంటుకునేది. అంతలోకే నువ్వు తగలడీవోడివి. ఒక్కనాడైనా, ఈ ఇంట్ల ఒక మనిసి పడుకోనేదు కాబోలని అనుకున్నావా?"

నాకు తెలియదే అమ్మీ. తుప్పుపట్టిన వాల్వు, కొడితేగానీ కదలదు. కానీ చెప్పకూడదు కదా, చెప్పలేదు. తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ సోల ముంచి, నిండా, పైన గుట్టగా వచ్చేలా పోసింది. పోసి, "ఇప్పుడు కొత్త కుర్రోడు సప్పుడు సెయ్యకుండా తిప్పీసి పోతన్నాడు. మెలకువ రాక నీళ్ళన్నీ పోతన్నాయి" అని గొణిగింది.

నేను నవ్వానా ఏడ్చానా తెలియదు. తలపాగా ఆ రోజే చుట్టారు. కలరా ఉండల వాసన. బిగుతుగా ఉంది. ఆ వీధిలో ప్రతి మనిషికీ నేనేమిటో తెలుసు, తెలిసీ చుట్టారు. ఇంతకన్నా రాయడం నాకు రాదు. నా చేటకీ నీ ఆటకీ లంకె ఏమిటో కూడా పూర్తిగా అర్థం కాలేదు, అయినా నువ్వు తినడం ఆపేశావంటే పెద్ద సంగతే అయి ఉంటుంది. ఇకమీదట తింటూ ఆలోచించు.

తలపాగాతో ఫోటో దేవకుమారి గారు పంపుతారు. చెవులు కనబడేలా తియ్యమన్నాను, మిషను కొత్తది.

నాన్న


కోరాపుట్,
డిసెంబరు 17

నాన్నా,

కష్టం ముందు రాయమన్నావు కదా. కష్టం ఏమిటంటే మూడు రాత్రులుగా నిద్ర లేదు, లిప్సాకి జలుబు.

ఇక రెండోది. కంపెనీ నుంచి వచ్చినాయన ఇక్కడే, మా గదిలో కూర్చుని ఆడాడు. యుద్ధం గెలిచాడు. గెలిచాక కిరీటం ఇవ్వలేదు, చేట ఇచ్చాం. "ఇదేమిటి?" అన్నాడు. వెళ్ళమన్నాం. మొదటి గుమ్మంలో తిట్టారు, నవ్వాడు. రెండో గుమ్మంలో తిట్టినదానికి నవ్వలేదు, వెనక్కి వెళ్ళి విరగ్గొట్టిన కంచె బాగుచేశాడు. రైలు వేళ అయిపోతోందని లిప్సా చెబితే చెయ్యి ఊపి ఆగమన్నాడు. రైలు వెళ్ళిపోయింది నాన్నా. మర్నాటి రైలుకి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు, "తీసుకుంటున్నాం" అన్నాడు. రాజయ్యాక కూడా ఆయన ఫోను కింద పెట్టలేదు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. అది చాలు నాకు.

కొత్తది దేవకుమారి ఆంటీ ఫోనుకి పంపుతున్నాను. ఎక్కడైనా ఆగిపోతే అడుగు, చెప్తాను.

నీ అమ్మి,
నాగశ్రీ


రాయగడ,
డిసెంబరు 29

రాజుల్ని చేసే నా చిట్టితల్లికి,

నీ ఉత్తరం వీధి అరుగు మీద నిలబడి గట్టిగా చదివాను. పెద్దని కదా, వినక చస్తారా. సుభద్రమ్మ "మరి నా సోల సంగతి ఆటలో ఎట్టిందంటావా?" అని అడిగింది. పెట్టిందమ్మా అంటే, పైకి విసుక్కుంటూ లోపలికి పోయి అరిసెలు తెచ్చింది. నీకూ లిప్సాకీ మూట కట్టి బస్సు కండక్టరు చేతికిచ్చాం.

ఆట ఆడుతున్నాం. ఈసారి దేవకుమారి గారిది ఆవిడదే, నాది నాదే. చిన్న ఫోనులో, రెండు బొటనవేళ్ళతో, నడకా కర్రా రెండూ నేనే. ఆవిడ రెండో రోజే రాజైపోయారు. పాముని కొట్టరు, కంచె విరగ్గొట్టరు, ఆవిణ్ణి కాదనేదెవరు? కాలవ గట్టువాళ్ళు నాకు పోశారు. మేదరి ఇంటావిడ తిట్టి పోసింది. ఒక్క అవ్వ దగ్గరే ఆగిపోయాను. రోజూ పొద్దున్నే వెళుతున్నాను. ఏం చేశానో తెలియడం లేదు. మీ అమ్మ వెనకనుంచి "మేకల్ని దాని సేలోకి ఒదిలీలేదేటి?" అంటోంది. అదే అయి ఉంటుంది. చేను దున్నాలేమో, విత్తనాలెక్కడ దొరుకుతాయో వెతుకుతున్నాను.

నువ్వు మాత్రం చెప్పకు. ఆగిపోతే అడగమన్నావు, నేను అడగను. అలా అడగకూడదు.

నిన్న కూడా చేట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అవ్వ తలెత్తింది. సోల బోర్లించింది. బోర్లించి, నా మొహంలోకి చూసి ఏమందో తెలుసా? నువ్వే రాశావు, నీకు తెలుసులే. అయినా నేను రాస్తాను, నా చేత్తో రాయాలని ఉంది.

"ఓరి బాపిగా, నువ్వట్రా. రేపు రా."

నాన్న